సతోషీ, గ్వే, లాంపోర్ట్: క్రిప్టో చిల్లర లెక్కల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో మాదొక చిన్న అకౌంట్స్ ఆఫీసు. జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు మా పని. జూన్, జులై వచ్చాయంటే కుర్రాళ్లు ఫోన్లు పట్టుకొని దిగుతారు. ఒకడు పార్వతీపురం నుంచి, ఇంకొకడు సోంపేట నుంచి. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో (కంప్యూటర్లలోనే ఉండే డబ్బు) కొన్న యాప్ తెర మీద 0.00006250 అని ఏదో ఉంటుంది. "ఇది ఎంతండీ?" అంటారు. లాభమా నష్టమా అన్నది తర్వాతి సంగతి, ముందు ఆ అంకెను చదవడమే టెన్షన్. ఏటా అవే సందేహాలు వస్తుంటే, వాళ్లడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాసి ఉంచాను.

ఇందులోని ధరలన్నీ లెక్క సులువుగా తేలడానికి అనుకున్నవి. మీరు చదివే రోజు ధర మీరు వేసుకోండి. కొనమని గానీ, వద్దని గానీ చెప్పడం నా ఉద్దేశం కాదు.

## చెయ్యి పెట్టక ముందు

ఒక బిట్‌కాయిన్‌కి లక్షలు కావాలి కదా, ₹500 పెట్టి ఏటి కొంటాం?

ఎకరం కొనలేనివాళ్లు అయిదు సెంట్లు కొనుక్కుంటారు కదా, ఇదీ అంతే. ఎకరానికి 100 సెంట్లు. బిట్‌కాయిన్‌కి మాత్రం 10 కోట్ల ముక్కలు. ఆ ముక్కని సతోషీ అంటారు, వాడుకలో సాట్. బిట్‌కాయిన్ ధర ₹80 లక్షలు అనుకుంటే ₹500కి 6,250 సతోషీలు వస్తాయి. యాప్ దాన్నే 0.00006250 బీటీసీ (బిట్‌కాయిన్‌కి పొట్టి పేరు) అని రాస్తుంది. చార్జీలు పోను చేతికి ఇంకాస్త తక్కువ రావొచ్చు.

సతోషీ అన్న పేరు ఎక్కడిది?

బిట్‌కాయిన్‌ని తయారుచేసిన వ్యక్తి పెట్టుకున్న పేరు సతోషీ నకమోటో. 2008 అక్టోబరు 31న ఆ పేరుతో తొమ్మిది పేజీల పత్రం బయటికొచ్చింది. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ (లావాదేవీల పుస్తకంలో ఒక పేజీ లాంటిది) తయారైంది. అసలు మనిషి ఎవరో, ఒకరో పదిమందో, ఇప్పటికీ తేలలేదు. ఆయన పేరే తర్వాత అతి చిన్న ముక్కకి వచ్చింది.

8 అంకెలు ఎందుకండీ? పైసల్లాగ రెండు చాలవా?

చాలవు. రెండే ఉంటే అతి చిన్న ముక్క 0.01 అవుతుంది. ₹80 లక్షల ధర దగ్గర అదొక్కటే ₹80,000. దాంతో చిల్లర వ్యాపారం ఏం చేస్తాం?

చిల్లర వందతోనే ఆగాలన్న నియమం మన రూపాయికి కూడా మొదట్నుంచీ లేదు. మా తాతయ్య అణాల్లో, బేడల్లో, దమ్మిడీల్లో లెక్క చెప్పేవారు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 దమ్మిడీలు, అంటే రూపాయికి 192 ముక్కలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాకే రూపాయికి వంద అయింది. ఎన్ని ముక్కలన్నది పెట్టినవాళ్ల ఇష్టం.

లోపల ఇంకో సంగతి ఉంది. మనకి తెర మీద దశాంశాలు కనిపిస్తాయి గానీ, బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ లెక్కంతా పూర్తి సతోషీల్లోనే చేస్తుంది. కంప్యూటర్‌కి దశాంశాలు అంత నమ్మకంగా రావు. 0.1, 0.2 కూడమంటే చాలా ప్రోగ్రాముల్లో 0.30000000000000004 అని వస్తుంది. డబ్బు లెక్కలో అలాంటి తోక ఉంటే ఊరుకుంటామా? అందుకే చిల్లర ముక్కల్లో పూర్ణసంఖ్యగా దాచి, చూపించేటప్పుడు మాత్రమే చుక్క పెడతారు. బిట్‌కాయిన్ మొత్తం 2.1 కోట్లు దాటకుండా కట్టడి ఉంది కాబట్టి, ప్రపంచంలో సతోషీలు ఎప్పటికీ 2,100 లక్షల కోట్లకి మించవు.

సతోషీ, బిట్, మిల్లీ బిట్‌కాయిన్ అంటే వేరువేరు కాయిన్లా?

అన్నీ ఒకటే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఏ పాత్రతో కొలిచినా గాదెలో ధాన్యం అదే కదా. ఇక్కడ 100 సతోషీలు ఒక బిట్, లక్ష సతోషీలు ఒక మిల్లీ బిట్‌కాయిన్, వెయ్యి మిల్లీలు ఒక బిట్‌కాయిన్. బిట్, మిల్లీ అన్న పేర్లు ఇప్పుడు పెద్దగా వినపడవు. బీటీసీ, సాట్స్ తెలిస్తే పని జరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. అతి చిన్న ముక్కనే 'బిట్‌కాయిన్' అని పిలుద్దాం, దశాంశాలే వద్దు అన్న ప్రతిపాదన ఒకటి 2025లో చర్చకి వచ్చింది. ఏదైనా యాప్‌లో మీకు 6,250 పక్కన బిట్‌కాయిన్ గుర్తు కనపడితే సంబరపడకుండా, సెట్టింగుల్లో యూనిట్ ఏదో చూసుకోండి.

ఈథర్‌లో వే, గ్వే అంటున్నారు. అవేటి?

ఈథరియం అన్న నెట్‌వర్క్ (లావాదేవీలు నడిపే కంప్యూటర్ల వ్యవస్థ) 2015 జులై 30న మొదలైంది. దాని నాణెం ఈథర్. ఈథర్‌ని బిట్‌కాయిన్ కంటే చాలా సన్నగా తరిగారు. ఒక ఈథర్‌కి 1 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో అన్ని వేలు. ఇక్కడ వే అంటే వెయ్యి కాదు, ముక్క పేరు. మా ఆఫీసులో ఈ 'వేలు' అన్న మాట దగ్గరే సగం గొడవ జరుగుతుంది. అందుకని నేను 'వే యూనిట్లు' అనే అంటాను.

అంత సన్నటి ముక్కతో మనుషులకి పని పడదు. అందుకే 100 కోట్ల వే యూనిట్లని కలిపి ఒక గ్వే అన్నారు. గిగా వే అన్నదానికి పొట్టి పేరు. 100 కోట్ల గ్వేలు ఒక ఈథర్. అంటే ఒక గ్వే 0.000000001 ఈథర్, చుక్క తర్వాత తొమ్మిదో చోట 1. పంపే చార్జీలు చెప్పేటప్పుడు దీన్ని వాడతారు.

పేర్ల వెనక మనుషులున్నారు. వే అన్నది వే డాయ్ పేరు. బిట్‌కాయిన్‌కి పదేళ్ల ముందే, 1998లో, బీ-మనీ అన్న డిజిటల్ డబ్బు ఆలోచన రాసిపెట్టినాయన. మధ్యలో సాబో, ఫినీ అన్న కొలతలు కూడా ఉన్నాయి. పది లక్షల సాబోలు ఒక ఈథర్, వెయ్యి ఫినీలు ఒక ఈథర్. నిక్ సాబో బిట్ గోల్డ్ అన్న అలాంటి డబ్బు ఆలోచనే చేసిన వ్యక్తి. హాల్ ఫినీ 2009 జనవరిలో సతోషీ దగ్గర్నుంచి మొదటిసారి 10 బిట్‌కాయిన్లు అందుకున్నాయన. సాబో, ఫినీ కొలతలు వాలెట్లలో (కాయిన్లు ఉంచుకునే, పంపుకునే యాప్‌లలో) దాదాపుగా కనిపించవు.

మిగతా కాయిన్ల చిల్లర పేర్లు కూడా చెప్పండి.

సొలానాకి లాంపోర్ట్, 100 కోట్లు ఒక సోల్. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ పేరది. కార్డానోకి లవ్‌లేస్, పది లక్షలు ఒక ఏడా. ఎక్స్‌ఆర్‌పీకి డ్రాప్, పది లక్షలు ఒకటి. ట్రాన్‌కి సన్, అదీ పది లక్షలే. లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్ రెండూ బిట్‌కాయిన్‌లాగే 8 అంకెలు.

మిలియన్, బిలియన్ అని రాస్తే నాకు తెగదు. లక్షల్లో ఎలగ చదవాలి?

మిలియన్ అంటే పది లక్షలు. బిలియన్ అంటే 100 కోట్లు. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. అంకె చివర కె అక్షరం ఉంటే వేలు, ఎం ఉంటే పది లక్షలు, బి ఉంటే వంద కోట్లు. కామాలు కూడా మోసం చేస్తాయి. పది కోట్లని మనం 10,00,00,000 అని రాస్తాం, విదేశీ యాప్ 100,000,000 అంటుంది. యూరప్ భాషలో పెట్టిన యాప్ అయితే చుక్క ఉండాల్సిన చోట కామా పెట్టి 0,005 అని చూపిస్తుంది. ఫోన్ భాష మార్చిన రోజున ముందు ఈ సంగతి చూసుకోండి.

## కొనేటప్పుడు

సతోషీ ఎంత పడుతుందో నోటిలెక్కలో చెప్పొచ్చా?

బ్రహ్మాండంగా చెప్పొచ్చు. మన లక్షల లెక్కకి ఇది అచ్చంగా సరిపోయింది. బిట్‌కాయిన్ ధర ఎన్ని లక్షలో చూసి దాన్ని పదితో భాగించండి. వచ్చింది ఒక సతోషీ ధర, పైసల్లో. ₹80 లక్షలైతే 8 పైసలు. ₹65 లక్షలైతే ఆరున్నర పైసలు. కోటి దాటి ₹1.1 కోట్లు అయితే 11 పైసలు.

అటు నుంచి ఇటు కావాలంటే 100ని ఆ పైసలతో భాగించండి. రూపాయికి ఎన్ని సతోషీలో వస్తుంది. 8 పైసలు అయితే పన్నెండున్నర. ₹1,000కి 12,500. మిలియన్లలో లెక్కపెట్టేవాళ్లకి ఈ సుఖం లేదు.

సున్నాలు లెక్కపెట్టడంలో తప్పుతున్నాను. కిటుకేదైనా ఉన్నాదా?

కాగితం తీసుకోండి. అంకె 0.0005 అనుకుందాం. చుక్క తర్వాత ఎనిమిది చోట్లు నిండేదాకా కుడివైపు సున్నాలు పెట్టండి: 0.00050000. ఇప్పుడు చుక్క కొట్టేసి, ఎడమవైపు ఉత్త సున్నాలు కూడా కొట్టేయండి. మిగిలింది 50000. అంటే 50 వేల సతోషీలు. ఒక్కసారి చేత్తో చేస్తే మళ్లీ మర్చిపోరు.

తిరగేసి కావాలన్నా అంతే. 6,250 సతోషీలు ఉన్నాయి. నాలుగంకెలు. ఎనిమిది అంకెలయ్యేదాకా ముందు సున్నాలు పెట్టండి: 00006250. ముందు '0.' తగిలించండి. 0.00006250.

ఇది బిట్‌కాయిన్ లాంటి 8 అంకెల కాయిన్లకే. ఈథర్‌ని గ్వేల్లోకి మార్చేటప్పుడు ఎనిమిది బదులు తొమ్మిది చోట్లు నింపాలి. వాలెట్‌లో సాట్స్ చూపించే ఏర్పాటుంటే అదే పెట్టుకోమని నా సలహా. 0.0005కీ 0.00005కీ తేడా కంటికి ఆనదు. 50,000కీ 5,000కీ తేడా చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

కాలిక్యులేటర్‌లో 6.25 పక్కన ఇంగ్లీషు 'ఈ', తర్వాత మైనస్ 05 వస్తోంది. పాడైపోయిందా?

బాగానే ఉంది. చోటు చాలక పొట్టిగా రాసింది. మైనస్ 05 అంటే చుక్కని అయిదు చోట్లు ఎడమకి జరపమని. 6.25ని జరిపితే 0.0000625. అదే మైనస్ 08 ఉంటే అంకెలు సతోషీల్లోకి వచ్చేశాయన్నమాట: 5, మైనస్ 08 అంటే 5 సతోషీలు. ఈ 'ఈ'ని పట్టించుకోకుండా 6.25 బిట్‌కాయిన్లు అని రాసుకొచ్చిన కుర్రాణ్ణి నేను చూశాను. ఆ లెక్కన వాడు కోటీశ్వరుడు. వాడి పెట్టుబడి ₹500.

₹500కి లక్షల కాయిన్లు వస్తున్నాయి. షిబా ఇనూ అన్న ఈ కాయిన్ చవక కదా?

కాయిన్ ఒక్కటీ పైసలో పదో వంతు అనుకుందాం. ₹500కి 5 లక్షల కాయిన్లు వస్తాయి. చేతిలో 5 లక్షలు ఉన్నాయంటే మనసుకి ఏదో హాయి. అదే ₹500కి 0.00006250 బిట్‌కాయిన్ అంటే నీరసం. రెండుచోట్లా మీ దగ్గరున్నది ₹500 సరుకే.

చవకా ఖరీదా అన్నది ఒక్క కాయిన్ ధరలో తెలీదు, మొత్తం ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి. బిట్‌కాయిన్లు 2.1 కోట్లకి మించి రావు. షిబా ఇనూ మొదలైనప్పుడే వెయ్యి లక్షల కోట్ల కాయిన్లు పుట్టించారు. అందులో సగం ఈథరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ ఖాతాకి అడక్కుండానే పంపేశారు. 2021 మేలో ఆయన కొంత భారత కోవిడ్ సహాయ నిధికి ఇచ్చి, ఎక్కువ భాగం ఎవరూ వాడలేని చోటికి పంపి తగలేశారు. అన్ని లక్షల కోట్లు ఉన్న వస్తువు "ఒక్కటి ఒక్క రూపాయి అవుతుంది" అని ఎవరైనా చెబితే, ఆ ఒక్క రూపాయిని మిగిలిన కాయిన్లన్నిటితో హెచ్చవేసి చూడండి. దేశం బడ్జెట్ దాటిపోతుంది.

కొన్ని ట్రేడింగ్ యాప్‌లలో ఇలాంటి కాయిన్ పేరుకి ముందు 1000 అని ఉంటుంది. అక్కడ చూపించే ధర వెయ్యి కాయిన్లది. పలాస జీడిపప్పు కొట్టులో డబ్బా మీది రేటు చూసి కిలో రేటు అనుకున్నట్టు, దీన్ని చూసి ధర వెయ్యిరెట్లు పెరిగిందనుకున్నవాళ్లున్నారు.

నా కాయిన్లు ఒక్కరోజులో 100 రెట్లయ్యాయి. జాక్‌పాటేనా?

ధర కూడా వందో వంతుకి తగ్గిందేమో చూడండి. పోల్కాడాట్ అన్న నెట్‌వర్క్ తన కాయిన్ డాట్‌కి 2020 ఆగస్టులో ఇలాగే చేసింది. పాత డాట్ ఒకటి ఉన్నవాళ్ల దగ్గర కొత్త డాట్‌లు వంద అయ్యాయి, విలువ మాత్రం అంతే. ₹100 నోటు మార్చి వంద రూపాయి బిళ్ళలు తెచ్చుకున్నట్టు.

## పంపేటప్పుడు

బిట్‌కాయిన్ పంపితే చార్జీ 'బైట్‌కి 10 సాట్స్' అంటోంది. రూపాయల్లో ఎంత?

బిట్‌కాయిన్‌లో చార్జీ మీరు పంపే డబ్బుని బట్టి ఉండదు, ఆ లావాదేవీ రాయడానికి పట్టే చోటుని బట్టి ఉంటుంది. మామూలు లావాదేవీ ఇప్పటి వాలెట్లలో సుమారు 140 వర్చువల్ బైట్లు (చోటుకి కొలత). బైట్‌కి 10 సాట్స్ అంటే 1,400 సతోషీలు. బిట్‌కాయిన్ ₹80 లక్షలుంటే సతోషీ 8 పైసలు, కాబట్టి ₹112. పంపేది ₹200 అయినా ₹2 లక్షలైనా అదే ₹112.

ఒక్కోసారి ఇంకా ఎక్కువ చూపిస్తుంది. మీకు వచ్చిన డబ్బు చిన్నచిన్న ముక్కలుగా వచ్చి ఉంటే అలా అవుతుంది. పైడితల్లమ్మ హుండీ లెక్కించేటప్పుడు ₹500 నోటు ఒకటి తీసి పక్కన పెట్టడానికి క్షణం చాలు. అదే ₹500 రూపాయి బిళ్ళల్లో ఉంటే దొంతర్లు పెట్టుకుంటూ కూర్చోవాలి. పది ముక్కలు కలిపి పంపితే ఆ పదింటి వివరమూ రాయాలి, చోటు పెరుగుతుంది, చార్జీ పెరుగుతుంది.

ఈథర్ పంపితే గ్యాస్, గ్వే అంటోంది. దీన్ని రూపాయల్లోకి ఎలగ మార్చాలి?

ఆటో ఎక్కినట్టు అనుకోండి. ఎన్ని కిలోమీటర్లు అన్నది గ్యాస్, కిలోమీటర్‌కి ఎంత అన్నది గ్వే. ఒక వాలెట్ నుంచి ఇంకో వాలెట్‌కి ఉత్త ఈథర్ పంపడానికి 21,000 గ్యాస్, ఇది మారదు. మారేది రేటు. రేటు 20 గ్వే అయితే 21,000 × 20 = 4,20,000 గ్వే. చుక్కని తొమ్మిది చోట్లు ఎడమకి జరిపితే 0.00042 ఈథర్. ఈథర్ ₹2.5 లక్షలు అనుకుంటే ₹105.

రద్దీని బట్టి రేటు నిమిషనిమిషానికీ మారుతుంది, సంక్రాంతి ముందు రోజు విశాఖ బస్టాండులో ప్రైవేటు బండి రేటులాగ. 2021 ఆగస్టు నుంచి అందులో మూల చార్జీని నెట్‌వర్కే నిర్ణయిస్తోంది. అత్యవసరం కాకపోతే కాసేపాగి చూడటం మేలు.

వాలెట్‌లో యూఎస్‌డీటీ (డాలర్ విలువతో నడిచే కాయిన్) ఉన్నాది, అయినా పంపనివ్వట్లేదు. ఎందుకు?

చార్జీ కట్టడానికి ఆ నెట్‌వర్క్ సొంత నాణెం లేక. ఈథరియం మీద యూఎస్‌డీటీ పంపాలంటే కొంచెం ఈథర్ ఉండాలి. ట్రాన్ మీద అయితే టీఆర్‌ఎక్స్, బీఎన్‌బీ చైన్ మీద అయితే బీఎన్‌బీ. సంచిలో జీడిపప్పు ఎంత ఉన్నా బస్సు టికెట్‌కి చిల్లర కావాలి.

యూఎస్‌డీటీ ఎక్కడైనా ఒకటే కదా, నెట్‌వర్క్ ఏదైతే ఏటి?

విలువ ఒకటే, దారి వేరు. కుంచం అన్న పేరు ఒకటే అయినా ఊరికో కొలత ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. సంతకి ఏ ఊరు వెళ్తే ఆ ఊరి కుంచంతోనే కొలవాలి. యూఎస్‌డీటీ కూడా అలాంటిదే. ఈథరియం మీద, ట్రాన్ మీద దానికి చుక్క తర్వాత 6 అంకెలు, బీఎన్‌బీ చైన్ మీద 18. మామూలు వాలెట్ ఈ తేడా సర్దేసి చూపిస్తుంది కాబట్టి మీకు తెలీదు. కానీ లావాదేవీ ముడి వివరాలు తెరిచి చూస్తే 5 యూఎస్‌డీటీ ఒకచోట 5000000 అనీ, ఇంకోచోట 5 పక్కన 18 సున్నాలనీ ఉంటుంది. రెండోది చూసి కంగారు పడకండి.

అసలు ప్రమాదం నెట్‌వర్క్ ఎంపికలో. తీసుకునేవాళ్లు ట్రాన్ అడ్రస్ (ఖాతా నంబరు లాంటిది) ఇస్తే ట్రాన్ మీదే పంపాలి. వాళ్ల వైపు లేని నెట్‌వర్క్ మీద పంపితే ఆ డబ్బు తిరిగి చేతికి రావడం ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్మే సంస్థ) దయ మీద ఆధారపడుతుంది. ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని ఫోన్‌లో విన్నాకే మిగతాది పంపండి.

300 సతోషీలు పంపబోతే 'డస్ట్' అని ఆపేసింది. ఎందుకు?

అంత చిన్న ముక్కని తర్వాత ఖర్చుపెట్టాలంటే, దాని విలువ కంటే చార్జీయే ఎక్కువైపోతుంది. అందుకని నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు దాన్ని ధూళి కింద లెక్కగట్టి ముందుకి పంపవు. పాత రకం అడ్రసులకి ఈ హద్దు 546 సతోషీలు, కొత్త రకాలకి ఇంకొంచెం తక్కువ. అంత చిన్న మొత్తాలకి బిట్‌కాయిన్ మీదే నడిచే లైట్నింగ్ నెట్‌వర్క్ ఉంది. అందులో సతోషీని కూడా వెయ్యి ముక్కలు చేసి మిల్లీ సతోషీల్లో లెక్క పెడతారు.

## లెక్క రాసి టాక్స్ కట్టేటప్పుడు

బీటీసీని సతోషీల్లోకి మార్చి చూసుకుంటే టాక్స్ పడుతుందా?

పడదు. ఇది మా ఆఫీసులో నిజంగానే అడుగుతారు, నవ్వకండి. సెట్టింగులో యూనిట్ మార్చడమంటే వస్తువు మారలేదు, చదివే తీరు మారింది. ఎకరాన్ని 100 సెంట్లు అని చెబితే రిజిస్ట్రేషన్ చార్జీ కట్టాలా?

బిట్‌కాయిన్ ఇచ్చి ఈథర్ తీసుకున్నా, యూఎస్‌డీటీ తీసుకున్నా మాత్రం అది బదిలీ. రూపాయి చేతికి రాకపోయినా లాభం ఉంటే పన్ను లెక్కలోకి వస్తుంది. యాప్‌లో రెండింటికీ 'కన్వర్ట్' అన్న ఒకే మాట ఉండటంతో గందరగోళం. మార్చాక కాయిన్ పేరు మారిందా? మారితే రాసిపెట్టుకోండి.

30 శాతం దేని మీద? సతోషీల లాభాన్ని రూపాయల్లో ఎలగ వెయ్యాలి?

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. లాభమంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేయగా మిగిలింది. ఇంటర్నెట్ బిల్లు, ఇంకో ఖర్చు అంటూ ఏమీ తగ్గించుకోవడానికి లేదు.

లెక్క చూద్దాం. బిట్‌కాయిన్ ₹60 లక్షలున్నప్పుడు 50,000 సతోషీలు కొన్నారు. సతోషీ 6 పైసలు, మొత్తం ₹3,000. ₹80 లక్షలున్నప్పుడు అమ్మారు. సతోషీ 8 పైసలు, మొత్తం ₹4,000. లాభం ₹1,000. పన్ను ₹300, సెస్సు ₹12, వెరసి ₹312. అమ్మినప్పుడు ఎక్స్ఛేంజ్ 1 శాతం టీడీఎస్ కింద ₹40 పట్టుకొని ఉంటే అది మీ పాన్ మీద జమ అయి ఉంటుంది, కట్టాల్సినదాంట్లో తగ్గుతుంది. ఈ టీడీఎస్ 2022 జులై 1 నుంచి ఉంది. అది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. నష్టానికి అమ్మినా కోస్తారు.

అందరికీ మింగుడు పడనిది ఇంకోటి. ఒక కాయిన్‌లో ₹1,000 లాభం, ఇంకోదాంట్లో ₹1,000 నష్టం వస్తే చెల్లుకు చెల్లు అనడానికి లేదు. లాభానికి పన్ను కట్టాల్సిందే. వచ్చే ఏడాదికి నష్టాన్ని మోసుకెళ్లడమూ కుదరదు. న్యాయమా అని నన్నడిగితే నేనేం చెప్పను? చట్టం అది.

ఎక్సెల్‌లో పెడితే చివరి అంకెలన్నీ సున్నాలైపోయాయి. ఎందుకు?

ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. ఈథర్ వివరాలు వే యూనిట్లలో దిగుమతి చేస్తే 19 అంకెలు రావొచ్చు. 1234567890123456789 అన్నది 1234567890123450000 అయిపోతుంది. రూపాయల్లో తేడా లేనట్టే గానీ, లావాదేవీల లెక్క సరిపోల్చేటప్పుడు పొంతన కుదరదు. ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. ఒకసారి సేవ్ చేశాక పోయిన అంకెలు తిరిగి రావు, ఫైలు మళ్లీ దింపుకోవాలి.

## ఏదో తేడాగా ఉందనిపించినప్పుడు

ఎవరో నాకు 0.000001 యూఎస్‌డీటీ పంపారు. ఎందుకు?

యూఎస్‌డీటీలో 6 అంకెలున్న చోట అంతకంటే చిన్న ముక్క లేదు. దాన్ని పంపింది మీ మీద ప్రేమతో కాదు. పంపిన అడ్రస్ చూడండి. మీరు తరచూ పంపే అడ్రస్‌లాగే మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలుస్తాయి. మీరు రేపు హడావుడిలో పాత జాబితాలోంచి అడ్రస్ కాపీ చేస్తే, దొంగ అడ్రస్ కాపీ అవుతుందని వాళ్ల ఆశ. ఆ ముక్కని అలా వదిలేయండి. జాబితాలోంచి అడ్రస్ ఎప్పుడూ తీసుకోవద్దు, తీసుకునేవాళ్లని మళ్లీ అడగండి.

టెలిగ్రామ్‌లో '50,000 ఫ్రీ' వచ్చాయి, తీసుకోవాలంటే ₹5,000 కట్టమంటున్నారు. కట్టనా?

50,000 పక్కన ఏముందో చదవండి. సాట్స్ అని ఉంటే, బిట్‌కాయిన్ ₹80 లక్షలున్న రోజున అది ₹4,000. ₹4,000 కోసం ₹5,000 కట్టడమేటి? పైగా ఆ నాలుగు వేలూ లేవు, తెర మీద అంకె మాత్రమే. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లో ఉండగా చెబితే ఆపే అవకాశం ఉంటుంది.

ఒక సున్నా తప్పి పదింతలు పంపేశాను. వెనక్కి వస్తుందా?

తీసుకున్నవాళ్లు ఇస్తే వస్తుంది. రద్దు చేయడానికి పైన బ్యాంకు మేనేజర్ ఎవరూ లేరు.

2021లో నేనే చేశాను. బొబ్బిలిలో ఉన్న మా బావమరిదికి 0.0005 పంపాలి. రాత్రి పదింటికి కరెంటు పోయి, ఫోన్ వెలుతురులో 0.005 కొట్టాను. అప్పటి ధరలో సుమారు ₹2,000 వెళ్లాల్సిన చోట ₹20,000 వెళ్లింది. యాప్ అడిగింది కూడా, "సరేనా?" అని. అంకె కింద రూపాయల విలువ సన్నటి బూడిద రంగులో ఉంది, నేను చూడలేదు. సరే అన్నాను. సొంత మనిషి కాబట్టి మర్నాడు తిరిగి పంపాడు. రెండువైపుల చార్జీలూ నావే.

బిట్‌కాయిన్‌లో ఒక చిన్న సందు ఉంది. లావాదేవీ ఇంకా ఏ బ్లాక్‌లోకీ ఎక్కకపోతే, కొన్ని వాలెట్లలో ఎక్కువ చార్జీ పెట్టి దాన్ని కొత్త లావాదేవీతో మార్చొచ్చు. బ్లాక్ సగటున పది నిమిషాలకొకటి వస్తుంది, మీ చేతిలో ఉండేది ఆ కాస్త సమయమే. వాలెట్‌లో 'పెండింగ్' అన్న మాట ఉందేమో ముందు చూడండి. ఎక్స్ఛేంజ్ నుంచి పంపి ఉంటే యాప్‌లోనే 'ప్రాసెసింగ్' దశలో రద్దు బటన్ ఉంటుందేమో చూసి, లేకపోతే వెంటనే వాళ్ల సహాయ కేంద్రానికి లావాదేవీ నంబరుతో సహా రాయండి.